టీవీలో నీలం నీళ్లు

మా శ్రావణికి భయమంటే ఏమిటో తెలియదు. ముందు ఈ సంగతి చెప్పకపోతే తర్వాతి సంగతి మీకు ఎక్కదు. అది నా పెద్దకొడుకు బలరాం కూతురు. మా కోడిని కుక్క నోట కరుచుకుని పోతుంటే వెంటపడి, కుక్క నోట్లో చెయ్యి పెట్టి కోడిని గుంజుకొచ్చిన పిల్ల. తేలు కనబడితే కొండి పట్టుకుని పైకెత్తి నా మీదికే తెచ్చేది.

“దాదీ, కమ్మలు లేవని ఏడుస్తవ్ గదా. గిది పెట్టుకో,” అనేది. మా లంబాడీల్లో నాయనమ్మను దాదీ అంటారు.

“మీ బడి పంతులుకు పెట్టవే గది,” అని చీపురు విసిరేదాన్ని. ఒక్కనాడూ తగల్లేదు.

మనిషిని చూస్తే ఏముంది, పత్తికట్టెకు గౌను తొడిగినట్టు ఉండేది. ఏడో తరగతికి వచ్చినా దవడ పక్కన ఒక పాలపన్ను ఊడలేదు. పొద్దస్తమానం దాన్ని నాలుకతో కదిలిస్తూ తిరిగేది. ఆ పన్ను ఉన్నంతకాలం నా లెక్కలో అది పసిపిల్లే. మా రోజుల్లో కట్టెలమోపు ఒంటరిగా ఎత్తుకునేంత అయ్యాకే ఆడపిల్లలకు ఆ సంగతులు మొదలయ్యేవి. ఇప్పటి పిల్లల సంగతి నాకెవరు చెప్పారు?

చండ్రుగొండ దాటి అడవి మొదలయ్యే చోట మా తండా. బలరాం మణుగూరులో బొగ్గు లారీ నడుపుతాడు, ఆదివారం ఇంటికి వస్తాడు. కోడలు లాలి ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. చిన్నకొడుకు దస్రుకు ఆటో ఉంది, పెళ్లి లేదు. శ్రావణి వెనక హేమలత అని ఇంకో పిల్ల. ఇంకా బడికి పోలేదు గానీ నోరు మాత్రం ఊరంత. నా పోలికని అందరూ అంటారు. నేను ఒప్పుకోను.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అందరం కంచాలు పట్టుకుని టీవీ ముందు చేరతాం. సీరియల్లో అత్త ఏడవడం మొదలుపెడుతుంది, కన్నీళ్లు కింద పడకముందే ప్రకటనలు వచ్చేస్తాయి. నల్లపిల్ల ముఖానికి ఏదో రాసుకుంటే తెల్లబడి కొలువు తెచ్చుకుంటుంది. ఏదో పొడి పాలలో కలుపుకుంటే పిల్లగాడు తాటిచెట్టంత అవుతాడు. ఇంకొకదాంట్లో తండ్రి బిడ్డను భుజాన ఎత్తుకుని తిప్పుతాడు. కన్ను మూసి తెరిచేలోపు గోడ మీద ఫొటో అయిపోతాడు, ఫొటోకు దండ. పెళ్లాం కొత్త ఇంటి తాళంచెవి పట్టుకుని నవ్వుతుంది. బీమా అట అది. చావును కూడా అంత సింగారించి చూపిస్తారు.

వీటన్నిటికీ మా ఇంట్లో ఎవరూ కదలరు. ఒక్కటి వస్తే మాత్రం ఇల్లంతా లేస్తుంది. ఆడవాళ్లు నెలనెలా వాడుకునే ప్యాడ్ల ప్రకటన అది. తెల్లప్యాంటు వేసుకున్న పిల్ల మెట్ల మీద ఎగురుతుంది. తర్వాత ఒక చెయ్యి గాజుగ్లాసు వంచి, తెల్లటి మెత్త మీద నీలం నీళ్లు పోస్తుంది. అంతే. దస్రుకు దగ్గు వస్తుంది. బలరాం ఉంటే తువ్వాల కోసం వెతుకుతాడు, అది భుజం మీదే ఉంటుంది. లాలికి పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు గుర్తొస్తుంది. నాకు రిమోట్‌లో ఎర్ర బొత్తం ఒక్కటే తెలుసు. అది నొక్కేస్తాను, టీవీ చచ్చిపోతుంది. మళ్లీ అది బతికేసరికి సీరియల్లో అత్త ఏడుపు అయిపోయి ఉంటుంది.

ఒక ఆదివారం నేను బొత్తం నొక్కేలోపే శ్రావణి అడిగింది. “బాపూ, గా నీలం నీళ్లు ఏంది?”

బలరాం ముద్ద మింగలేక నీళ్లు తాగాడు. “సిరా. సిరా ఒలికితే తుడిచేది గది.”

“మరి ఆడోళ్లే ఎందుకు తుడుస్తరు? మీకు ఒలకదా?”

దస్రు కంచం పట్టుకుని బయటికి పోయాడు. లాలి పిల్ల తొడ మీద గిల్లింది. “గన్ని సవాళ్లెందుకే నీకు? పెద్దయినంక గదే తెలుస్తది. బువ్వ తిను,” అని నేను కసిరాను.

శ్రావణి ఊరుకుంది. అది ఊరుకుందంటే లోపల లెక్క కడుతోందని అర్థం. బడిలో పెద్దపిల్లలను అడిగింది. వాళ్లు గుసగుసగా ఇంత చెప్పి అంత దాచారు. పెద్దయ్యాక ఆడవాళ్లకు నెలనెలా ఏదో వస్తుందని మాత్రం తెలుసుకుంది. వచ్చేదేమిటో టీవీలో రోజూ చూస్తూనే ఉంది కదా. రెండూ కలుపుకుని ఒక తీర్మానానికి వచ్చి కూర్చుంది. అది మాకెవరికీ తెలియదు.

వేసవిలో తునికాకు కోత మొదలైంది. బీడీలు చుట్టే ఆకు అది. ఎండ ముదరకముందే అడవిలోకి పోయి, లేతాకు కోసి, కట్టలు కట్టి కల్లంలో పోస్తాం. లాలి తమ్ముడికి సంబంధం కుదిరిందని హేమలతను తీసుకుని పుట్టింటికి, పినపాక పోయింది. బలరాం మణుగూరులో ఉన్నాడు. నేను, శ్రావణి, దస్రు అడవికి పోయాం. ఆటోను బండ్లబాట చివర పెట్టి లోపలికి నడిచాం. నేను ఒక పొద దగ్గర, నాకు కేక వినబడేంత దూరంలో శ్రావణి, వాగు అవతలి గట్టున దస్రు.

ఆ అడవిలో నాకు పులి భయం లేదు, దయ్యం భయం లేదు. ఉన్నదల్లా రక్తపింజర. ఎండుటాకుల్లో ఎండుటాకులా పడుకునే పాము. అంతకుముందు ఏడు మా పక్క గూడెం సీతయ్యను అదే చోట కరిచింది. చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి నెత్తురు, మూత్రంలో నెత్తురు. దవాఖానాకు తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు. ఆ మనిషి ముఖం నేను చూశాను. అందుకే పిల్లకు ప్రతి పొద దగ్గరా చెప్పేదాన్ని, “కట్టెతోని కొట్టి చెయ్యి పెట్టవే,” అని.

“కొడుతున్నా. పాముకు చెవుడొచ్చేటట్టు నువ్వే మొత్తుకుంటున్నవ్,” అనేది.

కొంతసేపటికి దాని నోరు వినబడలేదు. నాకు మొదటి భయం అప్పుడే పుట్టింది. ఆ పిల్ల నోరు ఆగదు, నిద్రలో కూడా ఆగదు. ఆకులు వదిలేసి పోయి చూస్తే చెట్టుకు ఆనుకుని, మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. ముఖం సున్నం కొట్టినట్టు ఉంది. పిక్క మీదుగా సన్నటి నెత్తుటి గీత చీలమండ దాకా దిగింది. చీలమండ పక్కన చుక్కలా పోటు.

“ఏందే? ఏమైందే?”

“ముల్లు గుచ్చుకున్నదనుకున్న, దాదీ. గది ముల్లు గాదు. నాకు రక్తం వస్తంది.”

“ఏడికెళ్లి?”

తల దించుకుంది. “లోపల్నుంచి.”

లోపల్నుంచి! సీతయ్య కూడా ఇదే మాట అన్నాడు. “పాము కనవడ్డదా?” అంటే, “ఆకుల్ల ఏందో కదిలింది,” అంది. ఇంకేం అడుగుతాను? దస్రును ఎలా కేకేశానో గానీ వాడు వాగు దాటి చెప్పుల్లేకుండా వచ్చాడు.

వాడు పోటు చూశాడు, నెత్తురు చూశాడు, ఏడుస్తూనే తువ్వాలతో మోకాలి కింద బిగించి కట్టాడు. నడుముకున్న నార కోసే కత్తి తీశాడు. “విషం బయటికి పోవాలె. కొయ్యనా అమ్మా?”

“కొయ్యిరా,” అన్నాను. భయం నా నోట్లో కూర్చుని ఆ మాట అంది.

శ్రావణి తన జడను పళ్ల మధ్య పెట్టుకుని కరిచిపట్టింది. అరవలేదు. కత్తి దిగాక దాని కళ్లల్లోంచి నీళ్లు మాత్రం వాటంతట అవే కారాయి. దస్రు దాన్ని భుజాన వేసుకుని ఆటో దాకా ఉరికాడు. వెనక నేను పొదలు, ముళ్లు, ఏదీ చూడలేదు.

ఆటోలో అది నా ఒళ్లో తల పెట్టింది. కాళ్లు మాత్రం ముడిచే ఉంచింది, చాపనియ్యదు. దాని కన్ను వాలినప్పుడల్లా కుదిపి లేపాను. పాము కరిచినవాళ్లు నిద్రపోతే లేవరని మా పెద్దవాళ్లు అనేవాళ్లు.

“దాదీ, నేను సచ్చిపోతే నా సైకిల్ హేమకు ఇయ్యుండ్రి,” అంది. “గంట మాత్రం ఊడదీయుండ్రి. అది ఊకె కొడతది, మీకు నిద్ర ఉండదు.”

“నోరు ముయ్యవే దొంగముండా. నన్ను పాడె మీద మోసినంక నువ్వు ఏమన్న చెయ్యి,” అని చెంప మీద తట్టాను. “కన్ను మూస్తే తంత. ఏదన్న చెప్పు.”

“ఏం చెప్పాలె?”

“ఏదో ఒకటి. పాట పాడు.”

దానికి పాటలు రావు. రోజూ వినేవి ప్రకటనలే కదా, అవి మొదలుపెట్టింది. సబ్బుది పాడింది. బనియన్లది చెప్పింది. పళ్లపొడి, పాలపొడి, సిమెంటు, బంగారం దుకాణం, ఒక్క ముక్క తప్పకుండా ఆ గొంతులతోనే. ఆటో గుంతల్లో పడి లేస్తుంటే గొంతు వణుకుతోంది. బీమాది కూడా చెప్పింది. “నేను లేకపోయినా మీ నవ్వు ఉండాలె,” అని ఆ తండ్రి గొంతుతో అనేసరికి ముందు సీట్లో దస్రు భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. వాడు ఏడుస్తూ నడుపుతున్నాడు.

“ఇంకోటి చెప్పు,” అన్నాను.

“ఇంక గా నీలం నీళ్లదే ఉన్నది. గది నువ్వు బంద్ చేస్తవ్ గదా. నాకు సగమే వచ్చు.”

“సగమే చెప్పు. నిద్రపోకు.”

ఆ సగమే మళ్లీ మళ్లీ చెప్పించాను. తెల్లప్యాంటు, మెట్లు, చింత లేదు, బెంగ లేదు. నెత్తురు కారుతున్న పిల్ల నా ఒళ్లో పడుకుని చింత లేదు, బెంగ లేదు అంటోంది. నేను వింటున్నాను. నాకు తట్టలేదు. భయం అంత గుడ్డిది.

చండ్రుగొండ దవాఖానాలో డాక్టరు చిన్నవాడే, అనిల్‌కుమార్ అని పేరు. ముందు తువ్వాల సడలించాడు. కోసిన చోటు చూసి దస్రు మీద లేచాడు.

“గిట్ల కోస్తరా? కాలు తీసెయ్యాల్సి వస్తే ఎవరు బాధ్యులు? కట్టు గిట్ల బిగించమని ఎవరు చెప్పిండ్రు?”

దస్రు గోడకు ఆనుకుని కిందికి జారిపోయాడు. డాక్టరు పిల్ల చేతి నుంచి నెత్తురు తీసి చిన్న గాజుగొట్టంలో పోసి బల్ల మీద నిలబెట్టాడు. “దీన్ని ఎవరూ కదపొద్దు. గడ్డకడితే విషం ఎక్కనట్టు. నీళ్లలెక్కనే ఉంటే రక్తపింజరే. అప్పుడు మందు ఎక్కించి కొత్తగూడెం పంపుత,” అన్నాడు.

నేను ఆ గొట్టం ముందు నిలబడ్డాను. నా బిడ్డ ప్రాణం అందులో ఉంది, వేలెడు. పైన పంకా తిరుగుతుంటే బల్ల వణుకుతోంది. బల్ల కదిలితే నెత్తురు కూడా కదిలి గడ్డకట్టదేమోనని పంకా ఆపేయమన్నాను. ఆపేశారు. ఎవరో దగ్గారు, వాళ్లనూ తిట్టాను. మా తండా దేవత మేరామ తల్లికి మేకను మొక్కాను. గొట్టంలో ఎరుపు నల్లబడుతున్నట్టు ఒకసారి అనిపించింది, లేదని ఒకసారి అనిపించింది. వెనక మంచం మీది నుంచి శ్రావణి, “దాదీ, ఏమైంది? గడ్డకట్టిందా?” అంటుంటే వెనక్కి తిరిగే ధైర్యం లేకపోయింది. నా ముఖం చూస్తే దానికి తెలిసిపోతుంది.

డాక్టరు వచ్చాడు. గొట్టం మెల్లగా వంచాడు. నేను కళ్లు మూసుకున్నాను.

“గడ్డకట్టింది. విషం లేదు.”

మొక్కుకున్న తల్లి పేరు కూడా మరిచిపోయి అక్కడే కూలబడ్డాను. అయితే ఆ డాక్టరు కనుబొమ్మల ముడి విప్పలేదు. “మరి ఈ రక్తం ఏడికెళ్లి వస్తంది?” అని పిల్లను అడిగాడు. పిల్ల కాళ్లు ఇంకా దగ్గరికి ముడుచుకుంది. పాము కాకపోతే ఇంకేమిటి? కడుపులో ఏం తెగింది?

నర్సు రజియా వచ్చి డాక్టరును బయటికి పొమ్మంది. తెర లాగింది. నన్ను లోపల ఉండమంది. చూసింది. ఒక్క క్షణం పెదవి కొరుక్కుంది, నవ్వు ఆపుకోవడానికి.

“పెద్దమ్మా, పాము లేదు, పురుగు లేదు. నీ మనవరాలు పెద్దమనిషి అయింది.”

ఈ తలకాయ నాకెందుకు ఉందో ఆ దేవుడికే తెలియాలి. నేను నోరు తెరిచేలోపే శ్రావణి మంచం మీద లేచి కూర్చుంది.

“కాదు సిస్టర్. గది నాకు తెలుసు. గది నీలంగ ఉంటది.”

“ఏది నీలంగ ఉంటది?”

“పెద్దోళ్లకు వచ్చేది. రోజు టీవీల చూపిస్తరు గదా. నాది ఎర్రగ ఉన్నది. నేను సచ్చిపోతున్న, నాకు చెప్తలేరు మీరు.”

రజియా ముఖంలో నవ్వు పోయింది. మంచం అంచున కూర్చుని పిల్ల చెయ్యి పట్టుకుంది. “అరే బిడ్డా. అందరికీ ఎర్రగనే ఉంటది. మీ అమ్మకు, నాకు, మీ దాదీకి, అందరికీ. నువ్వు సావవు. టీవీవోళ్లకు ఎరుపు చూపించాలంటే సిగ్గు, గందుకే నీలం పోస్తరు.”

“సిగ్గయితే చూపించుడెందుకు? చూపిస్తే అబద్ధమెందుకు?”

రజియా నా వైపు చూసింది. నేను తెర వైపు చూశాను. “మా ఇంట్ల గూడ అంతే పెద్దమ్మా,” అంది రజియా. “నేను నర్సును. అయినా గా యాడ్ వస్తే మా మామ ముందు నేనే ఛానల్ మారుస్త.”

శ్రావణి అప్పుడు ఏడ్చింది. కత్తితో కోసినప్పుడు ఏడవనిది, బతికానని తెలిశాక వెక్కివెక్కి ఏడ్చింది. అంత భయాన్ని అడవి నుంచి అక్కడిదాకా ఒక్కతే మోసుకొచ్చింది. నోట్లో ప్రకటనలు, లోపల చావు.

బయట దస్రు గోడ దగ్గరే ఉన్నాడు. “విషమెక్కిందా అమ్మా?”

“ఎక్కలేదు. ఎక్కితే నీ మెదడుకు ఎక్కాలె,” అని సంగతి చెప్పాను. వాడు లేచి పోయి ఆటో చక్రం చూస్తూ నిలబడ్డాడు. కొంతసేపటికి మందుల దుకాణానికి పోయి నల్లకవరులో చుట్టిన పొట్లం అంగీ లోపల దాచుకుని తెచ్చాడు. నా ఒళ్లో పడేసి మళ్లీ చక్రం చూశాడు. తెచ్చాడు కదా, అది చాలు. ఇంకా నయం, వీధిలో పిల్ల ఫొటోతో ఫ్లెక్సీ కట్టిస్తానన్నాడు కాదు.

లాలి మరునాడే పినపాక నుంచి వచ్చింది. కుట్లు పడిన కాలు చూసి దస్రును, నన్ను తిట్టి, తనను తానూ తిట్టుకుంది. ఆ ప్రకటనలు పిల్లలు తినే వేళ వెయ్యొద్దని దస్రు అన్నాడు. “వెయ్యకపోతే నువ్వు చెప్తవా?” అని లాలి అడిగింది. వాడు దగ్గాడు. నేను చెప్పేది ఇద్దరికీ నచ్చలేదు. పిల్లల ముందు వెయ్యదగింది కాదది, ఎందుకంటే అబద్ధం. సగం వాళ్లు దాచి నీలం పోశారు, మిగతా సగం నేను బొత్తం నొక్కి దాచాను, పిల్ల ఆ రెండు చీకట్ల నడుమ కూర్చుని చావుకు సిద్ధమైంది. వేస్తే ఎర్రగా వెయ్యాలి. లేకపోతే తెల్లప్యాంట్లు, మెట్లు అన్నీ మూట కట్టుకుని పోవాలి.

కాలి మీద మచ్చ ఉండిపోయింది. ముల్లు గుచ్చుకున్న చోట కత్తిగాటు. పాలపన్ను ఆ నెలలోనే ఊడింది.

ఇప్పుడు మా ఇంట్లో రిమోట్ అటక మీద ఉంటుంది. ప్రకటనలు వస్తే ఎవరూ లేవకూడదు. మొన్న ఆ నీలం నీళ్లు వచ్చాయి. హేమలత, “గవేందక్కా?” అంది. శ్రావణి ముద్ద కలుపుతూనే చెప్పింది. “అబద్ధం నీళ్లు. నిజానికి ఎర్రగ ఉంటది. నీకు సుత వస్తది, అప్పుడు పాము అనుకోకు.” దస్రు చెవులు ఎర్రబడ్డాయి గానీ కంచం వదల్లేదు.

నా ధైర్యం తిరిగి వచ్చిందనుకున్నాను. దాని వెనకే బీమాది వచ్చింది. తండ్రి, భుజాన బిడ్డ, గోడ మీద ఫొటో, దండ, తాళంచెవి. ఇదివరకైతే దాన్ని పట్టించుకునేదాన్ని కాదు. ఈసారి పిల్ల ముఖం చూశాను. హేమలత గోడకున్న బలరాం ఫొటోను చూస్తోంది.

“దాదీ, మన బాపు ఫొటోకు దండ ఎప్పుడేస్తం?”

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. “ఎందుకే?”

“వేస్తే కొత్తిల్లు ఇస్తరు గదా. గా ఆంటీకి ఇచ్చిండ్రు.”

ఆ వేళకు బలరాం లారీ మణుగూరు రోడ్డు మీద ఉంటుంది. దస్రు ఫోన్ తీసి కలిపాడు. మోగుతోంది. ఎత్తడం లేదు. మళ్లీ కలిపాడు. టీవీలో అత్త ఏడుపు మొదలైంది, ఎవరికీ వినబడలేదు. హేమలత మా ముఖాలు చూసి మూతి వంచింది.

“ఏందమ్మా? బండి మీద ఉన్న,” అని బలరాం గొంతు వచ్చింది.

“ఏం లేదురా,” అన్నాను. “మెల్లగ నడుపు.”

ఫోన్ పెట్టేసి, హేమలతను ఒళ్లోకి లాక్కుని, ఆ దండ అంటే ఏమిటో చెప్పడం మొదలుపెట్టాను.